22 ఏళ్లొచ్చినా గడ్డం లేదు, గొంతు మారలేదు. టెస్టోస్టిరాన్ 38 వచ్చింది, ఇప్పుడేం చేయాలి?

నీలిగాలి:
ఇంట్లో అడగలేని సంగతి కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. వయసు 22. ఎత్తు 181 సెంటీమీటర్లు, సన్నగా ఉంటాను. పైపెదవి మీద నూగు తప్ప మీసం, గడ్డం లేవు. ఫోన్ ఎత్తితే అవతలివాళ్లు "మేడమ్" అంటారు. చంకల్లో, కింద కాస్త వెంట్రుకలు వచ్చాయి కానీ వృషణాలు పెరగలేదు. కోరిక పెద్దగా లేదు, వీర్యం ఎప్పుడూ రాలేదు. 16 ఏళ్లప్పుడు ఒక డాక్టరుకు చూపిస్తే "కొందరికి లేటవుతుంది, కంగారు పడకండి" అన్నారు. కంగారు పడకుండానే ఇన్నేళ్లు గడిపేశాం. మొన్న నేనే వెళ్లి మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ పరీక్ష చేయించుకున్నాను. డెసీలీటరుకు 38 నానోగ్రాములు వచ్చింది. పక్కన ఇచ్చిన మామూలు లెక్క 264 నుంచి 916. ఏ డాక్టరును కలవాలి? ముందు ఏ పరీక్షలు చేయించాలి?

జిమ్‌బాబు:
38 ఏంటి బ్రో! ఇంకా ఆలోచిస్తున్నావా? ఇంజెక్షన్ మొదలుపెట్టెయ్. గడ్డం, కండ, గొంతు అన్నీ అవే వస్తాయి. ఎక్కడ దొరుకుతుందో మెసేజ్ చెయ్, చెప్తాను.

నిర్వాహకుడు:
మందులు ఎక్కడ దొరుకుతాయన్న సంగతి ఇక్కడ వద్దు. మెసేజుల్లో కూడా వద్దు.

వేకువచుక్క:
నేను హార్మోన్ల వైద్యం చేస్తాను. నీలిగాలి గారూ, దయచేసి ఇప్పుడే ఇంజెక్షన్ వేయించుకోకండి. మీకు చివరికి ఆ మందే అవసరం కావచ్చు. కానీ ముందు తెలుసుకోవాల్సినది ఒకటుంది.

టెస్టోస్టిరాన్ తయారయ్యేది వృషణాల్లోని లేడిగ్ కణాల్లో. అవి వాటంతట అవి పనిచేయవు. మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ గంటన్నరకో రెండు గంటలకో ఒకసారి జీఎన్ఆర్‌హెచ్ అనే హార్మోన్‌ను కొద్దికొద్దిగా వదులుతుంది. దానికి స్పందించి పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్, ఎఫ్ఎస్‌హెచ్ అనే రెండింటిని రక్తంలోకి పంపుతుంది. ఎల్‌హెచ్ టెస్టోస్టిరాన్ తయారు చేయిస్తుంది. ఎఫ్ఎస్‌హెచ్ వీర్యకణాల తయారీ చూసే సెర్టోలీ కణాలను నడిపిస్తుంది. పై అధికారి ఆర్డరే వేయలేదా, ఆర్డరు వచ్చినా కింద పనివాడు చేయలేకపోతున్నాడా అన్నది తేలాలి. వృషణాలే దెబ్బతిన్నవాళ్లలో పిట్యూటరీ అరిచినట్టుగా ఎల్‌హెచ్, ఎఫ్ఎస్‌హెచ్ బాగా పెరిగిపోతాయి. లోపం పైన ఉంటే అవి తక్కువగా ఉంటాయి. లేదంటే టెస్టోస్టిరాన్ అంత పడిపోయినా చలనం లేకుండా మామూలు అంకెల్లోనే కూర్చుంటాయి. ఇంజెక్షన్ పడితే రెండూ అణిగిపోతాయి, ఇక ఆ తేడా పట్టుకోవడం కష్టం.

కొన్ని ప్రశ్నలు అడుగుతాను, వింతగా అనిపించినా చెప్పండి. మీకు వాసనలు తెలుస్తాయా? పుట్టినప్పుడు వృషణాలు సంచిలోకి దిగాయా? రెండు చేతులు చాపితే ఆ కొలత ఎత్తు కన్నా ఎక్కువ ఉందా? రొమ్ములు పెరిగాయా? చదువులో, మాటలు రావడంలో చిన్నప్పుడు ఆలస్యం ఏమైనా ఉందా?

నీలిగాలి:
డాక్టర్ గారూ, వాసన గురించి ఎందుకు అడిగారో అర్థం కాలేదు కానీ, నాకు తెలియదు. అంటే అసలు తెలియదు. గ్యాస్ లీకైనా ఇంట్లో వేరేవాళ్లు చెప్పాల్సిందే. జలుబు చేసి అలా అయిందని మా వాళ్లు అంటారు, నాకు మాత్రం చిన్నప్పటి నుంచీ ఇంతే. వృషణాల్లో ఒకటి దిగకపోతే ఏడాదిన్నర వయసులో ఆపరేషన్ చేయించారు. చేతులు చాపి కొలిస్తే 190 వచ్చింది. రొమ్ములు లేవు. చదువులో ఇబ్బంది లేదు.

ఇంకో సంగతి, సంబంధం ఉందో లేదో తెలీదు. ఎడమ చేత్తో బొత్తాం పెడుతుంటే కుడి చేతి వేళ్లు కూడా వాటంతట అవే కదులుతాయి. స్నేహితులు ఏడిపించేవాళ్లు.

వేకువచుక్క:
సంబంధం ఉంది. మీరు చెప్పినవన్నీ కలిపి చూస్తే నాకు మొదట గుర్తొచ్చేది కాల్‌మన్ సిండ్రోమ్. పరీక్షలు కాకుండా ఖాయంగా అనలేను, కానీ ఆ దిశలో వెతకడం సమంజసం.

ముక్కుకీ యుక్తవయసుకీ ఏం సంబంధం అంటే: పిండ దశలో జీఎన్ఆర్‌హెచ్ తయారుచేసే నాడీకణాలు పుట్టేది మెదడులో కాదు, ముక్కు ఏర్పడే చోట. అక్కడి నుంచి వాసన నాడుల వెంట పాకుతూ హైపోథాలమస్‌కు చేరతాయి. ఆ దారి సరిగ్గా ఏర్పడకపోతే రెండు నష్టాలూ ఒకేసారి జరుగుతాయి. వాసన పసిగట్టే భాగం పెరగదు, యుక్తవయసును మొదలుపెట్టే కణాలు గమ్యం చేరవు. వాసన లేకపోవడం, వృషణాలు పెరగకపోవడం ఒకే మనిషిలో కనిపించాయని 1856లోనే స్పెయిన్ వైద్యుడు మాస్త్రే దె సాన్ హువాన్ రాశాడు. 1944లో ఫ్రాంజ్ కాల్‌మన్ కొన్ని కుటుంబాలను పరిశీలించి ఇది వంశపారంపర్యంగా వస్తుందని చూపించాడు.

ఏఎన్ఓఎస్1 అనే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. అందులో తేడా ఉన్నవాళ్లలో మీరు చెప్పిన ఆ చేతుల అద్దం కదలికలు, ఒక కిడ్నీ లేకుండా పుట్టడం కనిపిస్తాయి. వేరే జన్యువుల వల్ల వచ్చిన కొందరిలో గ్రహణం మొర్రి, వినికిడి లోపం, కొన్ని పళ్లు రాకపోవడం ఉంటాయి. అందుకే ఎల్‌హెచ్, ఎఫ్ఎస్‌హెచ్, ప్రొలాక్టిన్ (పిట్యూటరీ వదిలే ఇంకో హార్మోన్), థైరాయిడ్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ చెప్పేది) పరీక్షలతో పాటు కిడ్నీల స్కానింగ్, వాసన నాడులు కూడా కనిపించేలా మెదడు ఎమ్మారై, ఎముకల వయసు కోసం చేతి ఎక్స్‌రే అడుగుతారు.

పాతపుస్తకం:
నేను జీవశాస్త్రం చెప్పేవాడిని. ఒక సందేహం. పుట్టకముందు నుంచే ఆ కణాలు చేరలేదంటే పిండంలోనే టెస్టోస్టిరాన్ ఉండకూడదు కదా. 1947లో ఆల్ఫ్రెడ్ జాస్ట్ కుందేలు పిండాల్లో వృషణాలు తీసేస్తే అవన్నీ ఆడపిల్లల్లా ఏర్పడ్డాయి. మరి కాల్‌మన్ ఉన్నవాళ్లు మగపిల్లలుగానే ఎలా పుడతారు?

వేకువచుక్క:
చాలా మంచి ప్రశ్న. మొదటి మూడు నెలల్లో పిండం వృషణాలను నడిపించేది మాయ నుంచి వచ్చే హెచ్‌సీజీ అనే హార్మోన్. అది ఎల్‌హెచ్ చేసే పనే చేస్తుంది. కాబట్టి అవయవం ఆకారం సరిగానే ఏర్పడుతుంది. ఆ తర్వాత అది పెరగడానికి, వృషణాలు కిందికి దిగడానికి పిండం సొంత ఎల్‌హెచ్ కావాలి. వీళ్లకు లేనిది అదే. అందుకే పుట్టేటప్పటికి అంగం చాలా చిన్నగా ఉండడం, వృషణాలు దిగకపోవడం లాంటివి కనిపిస్తాయి. మూత్రరంధ్రం అడుగువైపు ఉంటే మాత్రం అది మొదటి మూడు నెలల లోపం, ఆలోచన వేరే వైపు పోవాలి.

పుట్టాక ఇంకో చిన్న అవకాశం ఉంది. మగ శిశువుల్లో మొదటి నెల నుంచి మూడో నెల వరకు టెస్టోస్టిరాన్ ఒకసారి యుక్తవయసులో లాగే లేస్తుంది, ఆరో నెలకి పడిపోతుంది. దీన్ని మినీ ప్యూబర్టీ అంటాం. ఆ వయసులో రక్తపరీక్ష చేస్తే లోపం పట్టుబడుతుంది. ఆ కిటికీ మూసుకుందంటే మళ్లీ 14 ఏళ్ల దాకా ఏ పరీక్షా స్పష్టంగా చెప్పదు, ఎందుకంటే ఆ మధ్యకాలంలో అందరు పిల్లల్లోనూ ఈ హార్మోన్లు నిద్రలోనే ఉంటాయి. రెండు వృషణాలూ దిగకుండా, అంగం చిన్నగా పుట్టిన బాబును సర్జన్‌కు మాత్రమే చూపించి ఊరుకోవడం నాకు బాధ కలిగించే విషయం.

పాతపుస్తకం:
అర్థమైంది. డొమినికన్ రిపబ్లిక్‌లోని సలీనాస్ పిల్లలది కూడా ఈ కోవేనా? ఆడపిల్లల్లా పుట్టి యుక్తవయసులో మగవాళ్లయ్యారని చదివాను.

వేకువచుక్క:
కాదు. వాళ్లలో టెస్టోస్టిరాన్ తక్కువేమీ కాదు. దాన్ని డీహెచ్‌టీ అనే ఇంకా బలమైన రూపంలోకి మార్చే 5-ఆల్ఫా రిడక్టేజ్ ఎంజైమ్ లోపం. జూలియన్ ఇంపెరాటో-మెక్‌గిన్లీ బృందం 1974లో వివరించింది. బయటి అవయవాలు పిండంలో ఏర్పడడానికి డీహెచ్‌టీ కావాలి, గొంతు, కండ మారడానికి టెస్టోస్టిరాన్ చాలు. అందుకే యుక్తవయసులో మార్పులు వచ్చాయి, గడ్డం మాత్రం పలుచన. ఒకే హార్మోన్ దారిలో ఎక్కడ తెగిందన్నదాన్ని బట్టి మనిషి వేరేగా కనిపిస్తాడు.

అదనపు_ఎక్స్:
నాది సరిగ్గా రెండో రకం, వృషణాల్లోనే లోపం. పెళ్లయ్యాక పిల్లలు పుట్టకపోతే పరీక్షల్లో బయటపడింది, అప్పటికి వయసు 33. క్లైన్‌ఫెల్టర్, అంటే 47,ఎక్స్ఎక్స్‌వై, ఒక ఎక్స్ క్రోమోజోమ్ అదనంగా ఉండడం. వీర్యంలో కణాలు సున్నా. ఎల్‌హెచ్ 19, ఎఫ్ఎస్‌హెచ్ 34, రెండూ బాగా ఎక్కువ. టెస్టోస్టిరాన్ 240, అంటే నీలిగాలి అంత తక్కువేం కాదు. గడ్డం వచ్చింది, గొంతు మారింది, యుక్తవయసు అందరిలాగే మొదలైంది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

వెనక్కి తిరిగి చూస్తే గుర్తులు ఉన్నాయి. మాటలు ఆలస్యం. చదవడం కష్టంగా ఉండేది, లెక్కలు పర్లేదు. ఇంట్లో అందరికన్నా పొడుగు, అదీ కాళ్లే పొడుగు. ఒకవైపు రొమ్ము పెరిగి తగ్గలేదు. చొక్కా విప్పాల్సి వస్తుందని ఈతకు వెళ్లేవాణ్ణి కాదు. వృషణాలు చిన్నగా, గట్టిగా ఉంటాయి. ఒక్క డాక్టరు, అన్నేళ్లలో ఒక్కరంటే ఒక్కరు, అక్కడ చేయిపెట్టి చూసి ఉంటే తెలిసిపోయేది. జ్వరమని, గొంతునొప్పి అని ఎన్నిసార్లు వెళ్లామో. ఎవరూ చూడలేదు, మేమూ చూపించలేదు.

వేకువచుక్క:
మీరు రాసిన ఆ చివరి మాట నా విద్యార్థులకు చదివి వినిపిస్తాను. హ్యారీ క్లైన్‌ఫెల్టర్ 1942లో ఈ లక్షణాలను రాశాడు. అదనపు ఎక్స్ వల్ల ఇలా జరుగుతుందని 1959లో ప్యాట్రీషియా జేకబ్స్, జాన్ స్ట్రాంగ్ చూపించారు. సుమారు 500 నుంచి 1000 మగ శిశువుల్లో ఒకరికి ఉంటుంది, అయినా చాలామందికి జీవితాంతం తెలియదు. పుస్తకంలో బొమ్మ చూసి పొడుగ్గా, రొమ్ములతో, గడ్డం లేకుండా ఉంటారని అనుకుంటాం. నిజంలో ఎక్కువమంది మామూలుగా కనిపించే మగవాళ్లు. అందరిలో దాదాపు తప్పకుండా ఉండేది ఒక్కటే, చిన్న గట్టి వృషణాలు.

వృషణం పరిమాణంలో ఎక్కువ భాగం వీర్యకణాలు తయారయ్యే నాళికలది, లేడిగ్ కణాలది కాదు. అందుకే మనిషికి గడ్డం, కండ ఉండి కూడా వృషణాలు చిన్నవి కావచ్చు. రక్తంలో టెస్టోస్టిరాన్ అంకె మామూలుగా ఉందని ఆ విషయం వదిలేయకూడదు. వీర్యంలో కణాలు లేకపోయినా మైక్రోస్కోప్‌తో వృషణంలో వెతికి తీసే పద్ధతిలో కొంతమందికి దొరుకుతాయి, దాదాపు సగం మందిలో.

అదనపు_ఎక్స్:
మాకు దొరకలేదు. దత్తత తీసుకున్నాం, ఆ కథ వేరే. ఇక్కడ ఇంకెవరికైనా ఇదే ఉంటే చెప్పేది: రొమ్ములో గడ్డ కనిపిస్తే మగవాళ్లకు రాదులే అనుకోవద్దు, మనకు మిగతా మగవాళ్లకన్నా రొమ్ము క్యాన్సర్ ముప్పు ఎక్కువ. కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు కూడా.

వానమబ్బు:
ఇదంతా చదివి భయమేసి రాస్తున్నాను. మా బాబుకి 14 దాటింది. క్లాసులో అందరికన్నా పొట్టి. గొంతు మారలేదు. చంకల్లో వెంట్రుకలు మొదలయ్యాయి కాబట్టి పెద్దవాడవుతున్నట్టే అనుకున్నాను. వాళ్ల నాన్న కూడా కాలేజీలో చేరాకే పొడుగయ్యారట. వాసన బాగానే తెలుస్తుంది. వాడిని ఇబ్బంది పెట్టి టెస్టులు చేయించాలా, ఆగాలా?

వేకువచుక్క:
అమ్మా, మీ బాబుది ఎక్కువగా కనిపించే రకమే కావచ్చు, కుటుంబంలో వచ్చే ఆలస్యపు యుక్తవయసు. ఆలస్యమయ్యే మగపిల్లల్లో సగానికి పైగా ఇదే. కానీ "కావచ్చు" అని నేను ఇక్కడ కూర్చుని అంటున్నాను. చూసి చెప్పాల్సిన డాక్టరు చూడాలి.

వెంట్రుకల మీద లెక్క కట్టకండి. అవి అడ్రినల్ గ్రంథుల హార్మోన్ల వల్ల కూడా వస్తాయి, వృషణాలు మేలుకోకపోయినా వస్తాయి. నీలిగాలి గారికి కూడా వచ్చాయి చూడండి. మగపిల్లల్లో యుక్తవయసు మొదలైందనడానికి మొదటి గుర్తు వృషణాలు 4 మిల్లీలీటర్లకు చేరడం. దానికి ఆర్కిడోమీటర్ అనే పూసల దండ వాడతాం. 1 నుంచి 25 మిల్లీలీటర్ల దాకా సైజులు వేసి ఉంటుంది. స్విట్జర్లాండ్‌కు చెందిన ఆండ్రియా ప్రాడర్ 1966లో పరిచయం చేశాడు. ఇప్పటికీ దాన్ని మించిన చవకైన పరీక్ష లేదు. 9 నుంచి 14 ఏళ్ల మధ్య ఎప్పుడైనా 4 దాటడం మామూలే. 14 నిండినా దాటకపోతే ఆలస్యం అంటాం. పొడుగయ్యే ఊపు మగపిల్లల్లో ఆలస్యంగా, 10 మిల్లీలీటర్లు దాటాక వస్తుంది. కాబట్టి ఇప్పుడు పొట్టిగా ఉన్నాడన్నది ఒక్కటే పట్టుకోవద్దు.

పరీక్ష అంటే బాబు సిగ్గుపడతాడు. ముందే చెప్పండి, మీరు గదిలో ఉండాలా, బయట ఉండాలా వాడినే అడగండి. రెండు నిమిషాల పని.

వానమబ్బు:
వాడినే అడుగుతాను. ఇంకొకటి. ఇది ఆలస్యమా, కాల్‌మన్ లాంటి శాశ్వతమా అన్నది ఆ వయసులో రక్తపరీక్షతో తేలుతుందా?

వేకువచుక్క:
అక్కడే చిక్కు. రెండింట్లోనూ ఎల్‌హెచ్, ఎఫ్ఎస్‌హెచ్, టెస్టోస్టిరాన్ మూడూ తక్కువే. ఒక్క రక్తపు చుక్కతో తేల్చేది నాకు తెలిసి లేదు. వృషణాల నుంచి వచ్చే ఇన్‌హిబిన్-బి అనే హార్మోన్ కొంత సాయపడుతుంది, బాగా తక్కువగా ఉంటే శాశ్వత లోపం వైపు అనుమానం పెరుగుతుంది. ఎక్కువగా ఆధారపడేది చరిత్ర మీద: వృషణాలు దిగకపోవడం, పుట్టుకతో అంగం చిన్నది, వాసన లేకపోవడం, మొర్రి. ఇవేవీ లేకుండా, తండ్రికి కూడా ఆలస్యమై, ఎముకల వయసు కూడా వెనకబడి ఉంటే ఆలస్యమే అనుకుంటాం. ఉదర జబ్బు, ఆస్తమా మందులు, బరువు బాగా తగ్గడం, అతి వ్యాయామం లాంటివి లేవని చూసుకుంటాం.

పిల్లవాడు మానసికంగా నలిగిపోతుంటే చిన్న మోతాదు టెస్టోస్టిరాన్ నెలకొకటి చొప్పున మూడు నుంచి ఆరు నెలలు ఇచ్చి ఆపేస్తాం. ఆపాక వృషణాలు వాటంతట అవే పెరగడం మొదలుపెడితే ఆలస్యమే. ఇంజెక్షన్ వల్ల గొంతు, వెంట్రుకలు మారతాయి కానీ వృషణాలు పెరగవు. కాబట్టి అవి పెరిగాయంటే లోపలి నుంచి సొంత యంత్రాంగం లేచినట్టే. 18 దాటినా లేవకపోతే ఇక ఆలస్యం అనే మాట వాడకూడదు.

రొమ్ముల గురించి కూడా ఎవరైనా అడిగే లోపే చెప్పేస్తాను. యుక్తవయసు మధ్యలో దాదాపు సగం మంది మగపిల్లలకు చనుమొన కింద చిన్న గట్టి బిళ్ల వస్తుంది, నొప్పి కూడా ఉంటుంది. సాధారణంగా రెండేళ్లలోపు పోతుంది. పోకపోతే, వృషణాలు చిన్నగా ఉంటే, అప్పుడు క్రోమోజోమ్ పరీక్ష.

ల్యాబ్‌కోటు:
ల్యాబులో పనిచేస్తాను, కొన్ని ముక్కలు. టెస్టోస్టిరాన్‌కు రక్తం ఉదయం ఏమీ తినకుండా, 10 గంటల లోపు ఇవ్వాలి. సాయంత్రం ఇచ్చి తక్కువొచ్చిందని ఏడ్చేవాళ్లు మాకు తరచూ తగులుతారు. ఒక్కసారి కాదు, వేరే రోజు ఇంకోసారి చేయించాలి. జ్వరంలో, ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఇవ్వొద్దు.

జుట్టు కోసం బయోటిన్ మాత్రలు మింగేవాళ్లు కొన్నాళ్లు ఆపి రావాలి. చాలా మెషిన్లలో బయోటిన్ వల్ల టెస్టోస్టిరాన్ ఉన్నదానికన్నా ఎక్కువగా, ఎల్‌హెచ్, ఎఫ్ఎస్‌హెచ్ తక్కువగా చూపిస్తుంది. రిపోర్టు మొత్తం తలకిందులు. బాగా లావుగా ఉన్నవాళ్లలో హార్మోన్‌ను మోసుకెళ్లే ఎస్‌హెచ్‌బీజీ తగ్గి మొత్తం టెస్టోస్టిరాన్ తక్కువ కనిపిస్తుంది, దేనికీ అంటుకోకుండా తిరిగే ఫ్రీ టెస్టోస్టిరాన్ బాగానే ఉండొచ్చు.

నడిదారి:
నా వయసు 46. మీ అందరి కథలకీ నాదానికీ తేడా ఉంది కాబట్టి రాస్తున్నాను. నాకు అన్నీ సమయానికే వచ్చాయి, ఇద్దరు పిల్లలు. ఓ రెండేళ్లుగా పొద్దున లేచేసరికి ఉండే స్తంభన పోయింది. కోరిక పోయింది. రోజూ గడ్డం గీసుకునేవాణ్ణి, ఇప్పుడు నాలుగు రోజులకోసారి గీసుకున్నా చాలేది. అలసట. టెన్షన్ అనుకున్నాను, వయసు అనుకున్నాను. స్తంభన కోసం మాత్రలు ఒకాయన రాసిచ్చారు, అవీ పెద్దగా పనిచేయలేదు. ఆ తర్వాత తలనొప్పి, కారు నడుపుతుంటే పక్కనుంచి వచ్చే బండ్లు కనపడకపోవడం. ప్రొలాక్టిన్ వేలల్లో. పిట్యూటరీలో రెండున్నర సెంటీమీటర్ల గడ్డ.

వేకువచుక్క:
నడిదారి గారూ, మీరు చెప్పినది ప్రొలాక్టినోమా, అంటే ప్రొలాక్టిన్ తయారుచేసే పిట్యూటరీ గడ్డ. చాలామందికి కత్తి అవసరం లేకుండా క్యాబర్గోలిన్ మాత్రతోనే తగ్గుతుంది. ఆడవాళ్లకు నెలసరి ఆగగానే తెలుస్తుంది. మగవాళ్లు మీలాగే వయసు అనుకుంటారు, అందుకే మగవాళ్లలో గడ్డ దొరికేసరికి పెద్దదై ఉంటుంది.

మీ కథ పక్కన నీలిగాలి గారి కథ పెడితే అసలు విషయం కనిపిస్తుంది. పెద్దయ్యాక హార్మోన్ పోతే గొంతు వెనక్కి సన్నబడదు, ఎత్తు మారదు, అంగం పరిమాణం మారదు. పోయేది కోరిక, పొద్దుటి స్తంభన, గడ్డం పెరిగే వేగం, కండ, ఎముక బలం. కొందరికి ఒళ్లంతా సెగలు వస్తాయి. అలసట, నిద్రలేమి, చిరాకు ఏ జబ్బులోనైనా ఉంటాయి. యూరప్‌లో నడివయసు మగవాళ్ల మీద చేసి 2010లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో తక్కువ టెస్టోస్టిరాన్‌తో గట్టిగా ముడిపడినవి మూడే: పొద్దుటి స్తంభనలు తగ్గడం, అంగస్తంభన లోపం, శృంగారపు ఆలోచనలు తగ్గడం. "నీరసంగా ఉంది, టెస్టోస్టిరాన్ చూడండి" అని వచ్చేవాళ్లలో చాలామందికి హార్మోన్ లోపం ఉండదు.

మెదడు ఎమ్మారై అంటే భయపడి మానేసేవాళ్లు ఈ చర్చ చదువుతుంటే, ఎల్‌హెచ్ పెరగకుండా టెస్టోస్టిరాన్ తగ్గినప్పుడు ప్రొలాక్టిన్, ఇనుము పరీక్షలు మాత్రం మానకండి. తలసీమియా ఉండి తరచూ రక్తం ఎక్కించుకునే పిల్లల్లో పిట్యూటరీలో ఇనుము పేరుకుని యుక్తవయసే ఆగిపోతుంది.

జిమ్‌బాబు:
డాక్టర్ గారూ ఒక ఫ్రెండ్ కోసం అడుగుతున్నా. వాడు కండల కోసం ఏడాదిపాటు ఇంజెక్షన్ల సైకిల్స్ వేశాడు. ఇప్పుడు వృషణాలు తగ్గినట్టు ఉన్నాయంటున్నాడు. రిపోర్టులో టెస్టోస్టిరాన్ 1400. ఎక్కువ ఉంటే మంచిదే కదా?

అదనపు_ఎక్స్:
మీ ఫ్రెండ్‌ని నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్లమనండి జిమ్‌బాబు 🙂

వేకువచుక్క:
బయటి నుంచి హార్మోన్ వస్తుంటే మెదడు ఆర్డర్లు ఆపేస్తుంది. ఎల్‌హెచ్, ఎఫ్ఎస్‌హెచ్ సున్నా దగ్గరికి వస్తాయి, వృషణాలు కుంచించుకుపోతాయి, వీర్యకణాలు ఆగిపోతాయి. మగవాళ్ల గర్భనిరోధకంగా టెస్టోస్టిరాన్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ పరీక్షించింది కూడా ఇందుకే. ఆపిన తర్వాత చాలామందిలో నెలల్లో తిరిగి వస్తుంది, కొందరికి ఏళ్లు పడుతుంది. ఆ మధ్యలో టెస్టోస్టిరాన్ బాగా పడిపోయి నిజమైన లోపం లక్షణాలే వస్తాయి. మీ ఫ్రెండ్ తనకు తానే మందులు మార్చుకోకుండా వీర్యపరీక్ష, ఎల్‌హెచ్, ఎఫ్ఎస్‌హెచ్, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) చేయించుకుని రమ్మనండి.

జిమ్‌బాబు:
సరే. చెప్తా వాడికి.

నీలిగాలి:
రిపోర్టులన్నీ వచ్చాయి. ఎల్‌హెచ్ 0.3, ఎఫ్ఎస్‌హెచ్ 0.5, రెండూ బాగా తక్కువ. ప్రొలాక్టిన్, థైరాయిడ్, ఫెరిటిన్ మామూలే. ఎమ్మారైలో పిట్యూటరీ బాగుంది, వాసన నాడుల చివర ఉండే భాగాలు రెండు వైపులా లేవు. ఎడమ కిడ్నీ లేదు! 22 ఏళ్లు తెలియకుండానే బతికాను. ఎముకల వయసు 15. ఎముకల సాంద్రత తక్కువ అన్నారు. వృషణాలు 2 మిల్లీలీటర్లు. కాల్‌మన్ అని ఖాయం చేశారు.

విచిత్రంగా ఊరట అనిపించింది. ఒక పేరుంది, నేను బద్ధకస్తుణ్ణి కాదు, "సరిగా తినక" కాదు. రెండు ప్రశ్నలున్నాయి. ఎముకల వయసు 15 అంటే ఇంకా పొడుగవుతానా? పిల్లలు పుడతారా?

వేకువచుక్క:
కొంచెం పొడుగు కావచ్చు. ఎముక చివర్ల పెరుగుదల మూసుకోవాలంటే టెస్టోస్టిరాన్ చాలదు, అందులో కొంత శరీరంలో ఈస్ట్రోజెన్‌గా మారాలి. ఆ ఈస్ట్రోజెన్ పనిచేయని 28 ఏళ్ల మనిషి గురించి 1994లో ఒక నివేదిక వచ్చింది. ఆయన అప్పటికే 204 సెంటీమీటర్లు, ఎముకలు ఇంకా మూసుకోలేదు, పైగా గుల్లబారాయి. మీ చేతులు, కాళ్లు మొండెం కన్నా ఎక్కువ పెరగడానికి, ఎముకల సాంద్రత తగ్గడానికి ఇదే కారణం. చికిత్స మొదలయ్యాక ఎముక బలపడుతుంది, అయితే నెమ్మదిగా.

పిల్లల విషయంలో మీరు అదనపు_ఎక్స్ గారికన్నా మెరుగైన స్థితిలో ఉన్నారు. మీ వృషణాలకు ఆర్డరు రాలేదు, అంతే. హెచ్‌సీజీ, ఎఫ్ఎస్‌హెచ్ ఇంజెక్షన్లతో చాలామందిలో వీర్యకణాలు వస్తాయి. ఆరు నెలల నుంచి రెండేళ్లు పట్టొచ్చు. వృషణాలు మరీ చిన్నగా ఉన్నవాళ్లకు, ఒకటి దిగకుండా ఉండినవాళ్లకు ఇంకా ఆలస్యం. మీవి 2 మిల్లీలీటర్లే కాబట్టి ముందు కొన్నాళ్లు ఎఫ్ఎస్‌హెచ్ ఒక్కటే ఇచ్చి తర్వాత రెండోది కలిపే పద్ధతి గురించి మీ డాక్టరును అడగండి.

ఇప్పుడే పిల్లల ఆలోచన లేకపోతే టెస్టోస్టిరాన్‌తో మొదలుపెట్టడం తప్పు కాదు. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి పెంచుతారు. అది వాడినందువల్ల తర్వాత పిల్లలు పుట్టే అవకాశం శాశ్వతంగా పోదు, అప్పుడు దాన్ని ఆపి మిగతా ఇంజెక్షన్లకు మారతారు. ఒకే కిడ్నీ ఉంది కాబట్టి నొప్పి మాత్రలు ఎడాపెడా వేసుకోవద్దు.

నడిదారి:
తమ్ముడూ, చాలా సంతోషం. ఇంట్లో చెప్పావా?

నీలిగాలి:
అమ్మకు చెప్పాను. మొదట తన తప్పేమో అనుకుంది. డాక్టరు గారి దగ్గరికి తనను కూడా తీసుకెళ్తే ఆవిడే వివరించారు. మామయ్య ఒకాయన పెళ్లి చేసుకోలేదు, ఆయనకూ వాసన తెలియదట. ఇన్నాళ్లూ ఎవరూ కలిపి చూడలేదు.

పాతపుస్తకం:
తల్లి వైపు మామయ్య! ఎక్స్ క్రోమోజోమ్ అన్నారు కదా డాక్టర్ గారు, సరిగ్గా సరిపోయింది.

వేకువచుక్క:
అవును, ఆ మామయ్యకు కూడా పరీక్ష చేయించండి. ఆయన వయసు ఎంతైనా సరే. సంతానం కోసం కాకపోయినా ఎముకల కోసం. చికిత్స లేని హార్మోన్ లోపం ఇన్నేళ్లు ఉంటే తుంటి, వెన్ను విరిగే ప్రమాదం ఉంటుంది, రక్తహీనత కూడా.

వానమబ్బు:
మా వాడిని చూపించాను. ఆ పూసల దండతోనే చూశారు. కుడి 5, ఎడమ 4 అన్నారు. మొదలైందట, ఇంజెక్షన్లేమీ అక్కర్లేదు, ఆరు నెలల తర్వాత రమ్మన్నారు. నన్ను బయటే కూర్చోమన్నాడు, వచ్చాక నవ్వుతూ వచ్చాడు.

నీలిగాలి:
మూడు నెలల అప్‌డేట్. తక్కువ మోతాదు టెస్టోస్టిరాన్ మీద ఉన్నాను. గొంతు కాస్త బొంగురు. మొటిమలు వచ్చాయి, మా చెల్లి ఏడిపిస్తోంది. గడ్డం ఇంకా లేదు. అది ఎప్పుడు?

వేకువచుక్క:
గడ్డం అన్నింటికన్నా చివర వస్తుంది, నిండుగా రావడానికి ఏళ్లు పడుతుంది. దాని కోసం మోతాదు పెంచమని అడగకండి. తర్వాతి చూపుకి హెమటోక్రిట్ చేయించుకుని వెళ్లండి, 54 శాతం దాటితే మోతాదు ఆపాల్సి ఉంటుంది. మధ్యలో ఎప్పుడైనా వృషణాలు పెరిగినట్టు అనిపిస్తే అది తప్పకుండా చెప్పండి. పది మందిలో ఒకరిద్దరికి కొన్నేళ్ల చికిత్స తర్వాత సొంత హార్మోన్లు మేలుకుంటాయి. వృషణాలు పెరగడమే దానికి గుర్తు, టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ వల్ల అవి పెరగవు. అప్పుడు కొన్ని వారాలు మందు ఆపి పరీక్ష చేసి చూస్తారు.

నీలిగాలి:
సరే డాక్టర్ గారూ. మామయ్య వచ్చే వారం రక్తం ఇస్తానన్నారు. ఉదయం, ఏమీ తినకుండా అని చెప్పాను.

ల్యాబ్‌కోటు:
బయోటిన్ వాడుతున్నారేమో అడుగు.